యుద్ధం లేని రోజున యుద్ధనౌక ఏం చేస్తుంది?

2014 డిసెంబర్ 4న మాల్దీవుల రాజధాని మాలేలో, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో మంటలు లేచాయి. ఆ దీవిలో నది లేదు, చెరువు లేదు. లక్షమందికి పైగా జనం తాగేది ఆ ప్లాంటు నీళ్లే. ఒక్కసారిగా కుళాయిలు ఆగిపోయాయి. మరుసటి రోజుకల్లా భారత నౌకాదళ గస్తీ నౌక ఐఎన్ఎస్ సుకన్య మాలే రేవుకు చేరింది. సుకన్య ఈ పని మీద బయల్దేరిన ఓడ కాదు. కేరళ తీరం దగ్గర గస్తీలో ఉండగా దారి మళ్లించారు. ఆ తర్వాత ట్యాంకర్ నౌక ఐఎన్ఎస్ దీపక్ వచ్చింది. ఆ వెనకే చైనా నేవీ ఓడ కూడా నీళ్లు నింపుకుని వచ్చింది.

రెండు పెద్ద దేశాల నౌకాదళాలు ఒక చిన్న దేశానికి నీళ్లు తెచ్చిపోయడానికి పోటీపడటం వింతగా అనిపించవచ్చు. కానీ నేటి నౌకాదళం పని ఏమిటో అర్థం కావాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ముందు ఆ నీళ్ల సంగతే చూద్దాం. యుద్ధనౌకలు తమకు కావలసిన మంచినీటిని సముద్రపు నీటి నుంచే తయారు చేసుకుంటాయి. కరెంటూ సొంతంగానే పుట్టించుకుంటాయి. వంటశాల ఉంటుంది, చిన్న ఆపరేషన్లు చేయగల గది ఉంటుంది, వర్క్‌షాపు ఉంటుంది, పడవలు ఉంటాయి, చాలా ఓడల మీద హెలికాప్టర్ ఉంటుంది. మంటలు ఆర్పడం, కన్నాలు పూడ్చడం, గాయపడినవాళ్లను మోసుకురావడం రోజూ సాధన చేసే వందల మంది మనుషులు ఉంటారు. ఇవన్నీ యుద్ధం కోసమే ఏర్పాటు చేసినవి. నడిసముద్రంలో దెబ్బ తగిలితే బయటినుంచి ఎవరూ రారు కాబట్టి అన్నీ వెంట ఉండాలి. సునామీ వచ్చి ఊరు కొట్టుకుపోయినప్పుడు ఆ ఊరికి లేనివి కూడా సరిగ్గా ఇవే. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఇండోనేసియాలోని ఆచే పశ్చిమ తీరంలో రోడ్లు, వంతెనలు తుడిచిపెట్టుకుపోయాయి. లారీ వెళ్లే దారే లేదు. తీరానికి దూరంగా నిలబడిన అమెరికా విమానవాహక నౌక అబ్రహం లింకన్ నుంచి హెలికాప్టర్లు లేచి, ఆ ఊళ్లకు నీళ్లు, తిండి, మందులు దించి, గాయపడినవాళ్లను ఎక్కించుకుని వెళ్లేవి. అక్కడ విమానాశ్రయం ఉందా, రేవు బాగుందా అనే ప్రశ్నే రాలేదు. ఓడే విమానాశ్రయం అయింది.

అయితే ఇందులో అసలు విషయం ఓడలో ఏమేం ఉన్నాయన్నది కాదు, ఆ సమయానికి ఓడ దగ్గర్లో ఉండటం. నౌకాదళం విలువలో సగానికి పైగా ఈ ఒక్క మాటలో ఉంది. ఓడ నెమ్మదైన వాహనం. గంటకు 55 కిలోమీటర్లు పరుగెత్తితే చాలా వేగంగా వెళ్లినట్టు లెక్క. రేవులో కూర్చుని, కబురు వచ్చాక బయల్దేరితే వేల కిలోమీటర్లు దాటేసరికి రోజులు, వారాలు గడిచిపోతాయి. కాబట్టి పని పడకముందే వెళ్లి అక్కడ ఉండాలి. ఏ పనీ లేకుండా నెలల తరబడి సముద్రంలో తిరిగే ఓడను చూసి డబ్బు దండగ అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

గుమ్మం దాటకుండా నిలబడటం

నెలల తరబడి అలా ఉండగలగడానికి సముద్ర చట్టం వీలు కల్పిస్తుంది. 1982లో కుదిరి 1994లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల దాకా చేపలు, చమురు, గ్యాస్ మీద ఆ దేశానికే హక్కు. ఆ పైన ఉన్నది అందరిదీ. ప్రాదేశిక జలాల్లోంచి కూడా విదేశీ ఓడలు ఆగకుండా, ఎవరికీ హాని చేయకుండా వెళ్లిపోవచ్చు. జలాంతర్గామి అయితే పైకి తేలి తన జెండా చూపిస్తూ వెళ్లాలి.

దీని ఫలితం ఏమిటో చూడండి. పక్క దేశం సరిహద్దు దగ్గరికి ట్యాంకులు నడిపిస్తే అది దాదాపు యుద్ధ ప్రకటనే. యుద్ధ విమానం పంపితే గంటసేపు తిరిగి ఇంధనం అయిపోయి వెనక్కి రావాలి. ఓడ మాత్రం 30 కిలోమీటర్ల దూరంలో నిలబడి నెల రోజులు అలాగే ఉండగలదు. గుమ్మం దాటలేదు కాబట్టి తప్పు పట్టడానికి లేదు. కళ్లముందే ఉంది కాబట్టి మర్చిపోవడానికీ లేదు. సాయం చేయడానికి వచ్చిందా, కాపలాకి వచ్చిందా, బెదిరించడానికి వచ్చిందా అన్నది చూసేవాళ్ల కళ్లను బట్టి, ఆ రోజు రాజకీయాన్ని బట్టి మారిపోతుంది. ఓడ మాత్రం అదే ఓడ.

నౌకాదళం పనులను యుద్ధం, దౌత్యం, సముద్రపు పోలీసు పని అని మూడుగా విడదీసి చెప్పడం అలవాటు. చదువుకోవడానికి బాగుంటుంది. కానీ నీళ్లు మోసుకెళ్లిన సుకన్య ఏ గదిలోకి వస్తుంది? అది సాయమూ అయింది, దౌత్యమూ అయింది.

ఇరుకు సందుల సంగతి

పరిమాణాన్ని బట్టి చూస్తే ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా ఓడల మీదే నడుస్తుంది. సముద్రం ఎంత విశాలమైనా ఈ ఓడలు నడిచే దారులు మాత్రం కొన్ని ఇరుకు సందుల్లోంచి వెళ్లాలి. పర్షియన్ గల్ఫ్ నోటి దగ్గరున్న హోర్ముజ్ జలసంధి బాగా సన్నబడిన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. అందులోనూ ఓడలు వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి గీసిన దారుల వెడల్పు చెరో రెండు మైళ్లే. 2024 లెక్కల ప్రకారం ప్రపంచం వాడే చమురులో దాదాపు ఐదో వంతు ఆ సందులోంచే వచ్చింది. మలక్కా, బాబెల్ మందెబ్, సూయజ్ కూడా ఇలాంటివే. 2021 మార్చిలో 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుంటే ఆరు రోజుల పాటు రెండు వైపులా వందల ఓడలు ఆగిపోయాయి. అక్కడ ఎవరూ కావాలని చేసింది లేదు. కావాలని చేస్తే ఎలా ఉంటుందో 1980లలోనే కనబడింది.

ఇరాన్, ఇరాక్ యుద్ధంలో రెండు పక్షాలూ ఎదుటివాళ్ల చమురు ట్యాంకర్లను కొట్టడం మొదలుపెట్టాయి. కువైట్ ట్యాంకర్లకు అమెరికా తన జెండా కట్టి, యుద్ధనౌకలను తోడిచ్చి పంపడానికి ఒప్పుకుంది. 1987 జులై 24న మొట్టమొదటి బృందంలోనే బ్రిడ్జిటన్ అనే భారీ ట్యాంకర్ సముద్రపు మందుపాతర మీదికి ఎక్కింది. ట్యాంకర్ పెద్దది, గట్టిది. కన్నం పడ్డా ప్రయాణం ఆగలేదు. పలచటి గోడల యుద్ధనౌకలు అలాంటి దెబ్బ తింటే మునిగిపోయేవి. అందుకని అక్కడినుంచి కాపలాకి వచ్చిన యుద్ధనౌకలు ట్యాంకర్ వెనక వరుస కట్టి, అది తొలిచిన దారిలో నడిచాయి.

ఏడాది తిరగకముందే, 1988 ఏప్రిల్ 14న, అదే సముద్రంలో శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే ఫ్రిగేట్ తరగతి అమెరికా యుద్ధనౌక మందుపాతర మీద పడింది. పేలుడుకు ఓడ వెన్నెముక విరిగింది. ఇంజన్ గదిలోకి నీళ్లు వచ్చేశాయి, మంటలు లేచాయి. నావికులు పగిలిన పైకట్టును ఉక్కు తాళ్లతో కట్టి, గంటల తరబడి నీళ్లు తోడి, మంటలార్పి ఓడను నిలబెట్టుకున్నారు. ఒక్కరు కూడా చనిపోలేదు. ఆ మందుపాతర నమూనా 1908 నాటిది, ఖరీదు వెయ్యిన్నర డాలర్లు అని చెబుతారు. ఓడ బాగు చేయడానికి దాదాపు 9 కోట్ల డాలర్లు అయింది. అందుకే మందుపాతరలు ఏరే చిన్న ఓడలకు పేరు రాదు, పత్రికల్లో ఫొటోలు పడవు గానీ, అవి లేని నౌకాదళం ఎంత పెద్దదైనా ఇరుకు సందు దగ్గర ఆగిపోవలసిందే. చాలా దేశాలు ఈ ఓడల మీద ఖర్చు పెట్టడాన్ని వాయిదా వేస్తూ వస్తున్నాయి. ఇది పెద్ద పొరపాటు.

దొంగల్ని పట్టుకున్నాక?

సముద్రపు దొంగతనం అంతర్జాతీయ చట్టంలో విచిత్రమైన నేరం. అందరి సముద్రంలో దొంగల ఓడ కనబడితే ఏ దేశపు యుద్ధనౌక అయినా పట్టుకోవచ్చు. తమ దేశపు ఓడ కానక్కర్లేదు, తమ మనుషులు కానక్కర్లేదు. 2008 నాటికి సోమాలియా తీరంలో ఈ బెడద బాగా ముదిరింది. ఆ ఏడాది చివరికల్లా భారత్, ఐరోపా సమాఖ్య నౌకలు, 2009 జనవరి మొదట్లో చైనా నౌకలు గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌కు చేరాయి. అమెరికా, రష్యా, నాటో నౌకలూ ఆ నీళ్లలోనే తిరిగాయి. బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని దేశాలు కూడా ఆ దారిలో గస్తీ వేళలు మాట్లాడుకుని పంచుకున్నాయి. వేరే ఏ రంగంలోనూ సైన్యాల మధ్య ఇంత సర్దుబాటు కనబడదు.

పని మాత్రం చెప్పినంత సులువు కాదు. దొంగల దగ్గర ఉండేవి రెండు చిన్న మోటారు పడవలు, కొక్కేలు బిగించిన ఒక నిచ్చెన, కొన్ని తుపాకులు. వాళ్లు కంటబడిన దగ్గర్నుంచి ఓడ ఎక్కేసేదాకా అరగంట కూడా పట్టదు. ఆ అరగంటలో యుద్ధనౌక ఎంత పరుగెత్తినా పాతిక, ముప్పై కిలోమీటర్లకు మించి రాలేదు. అందుకే సరుకు ఓడలన్నీ ఒకే దారిలో, వేళ ప్రకారం వెళ్లేలా ఏర్పాటు చేసి, ఆ దారి పొడవునా యుద్ధనౌకల్ని నిలబెట్టారు. హెలికాప్టర్ పది నిమిషాల్లో వచ్చేంత దూరంలో ఎప్పుడూ ఏదో ఒక ఓడ ఉండేలా చూసుకున్నారు. సరుకు ఓడలు కూడా అంచుల చుట్టూ ముళ్లతీగ కట్టుకున్నాయి, సాయుధ గార్డుల్ని పెట్టుకున్నాయి.

పట్టుకున్నాక ఏం చేయాలన్నది ఇంకా పెద్ద తలనొప్పి. యుద్ధనౌక కోర్టు కాదు. దొంగ ఒక దేశంవాడు, ఓడ జెండా ఇంకో దేశానిది, యజమాని మరో దేశంవాడు, సిబ్బంది నాలుగు దేశాలవాళ్లు, పట్టుకున్నది వేరే దేశం నేవీ. కేసు ఎక్కడ వేయాలి? మొదట్లో చాలామందిని ఆయుధాలు సముద్రంలో పారేసి వదిలిపెట్టేశారు. తర్వాత కెన్యా, సీషెల్స్ తమ కోర్టుల్లో విచారించడానికి ముందుకొచ్చాయి. 2023 డిసెంబర్‌లో దొంగలు రూయెన్ అనే సరుకు ఓడను ఎత్తుకెళ్లి, దాన్నే తమ స్థావరంగా చేసుకుని నడిపారు. మూడు నెలల తర్వాత, భారత తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. వాయుసేన రవాణా విమానం నుంచి కమాండోలు పడవలతో సహా పారాచూట్ల మీద సముద్రంలో దిగారు. నలభై గంటలు సాగిన ఆ వ్యవహారం 2024 మార్చి 16న ముగిసింది. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. దొంగల్ని ముంబై తీసుకొచ్చి పోలీసులకు అప్పగించగలిగారంటే, 2022లో భారత్ ఇందుకోసం ప్రత్యేకంగా చట్టం చేసుకుని ఉండటమే కారణం. ఓడ, కమాండో, విమానం ఎన్ని ఉన్నా వెనక ఆ కాగితం లేకపోతే కథ సగంలో ఆగిపోయేది.

సముద్రం అడుగున పరిచిన కేబుళ్ల విషయంలో ఇప్పుడు సరిగ్గా ఇదే జరుగుతోంది. దేశాల మధ్య నడిచే ఇంటర్నెట్‌లో 95 శాతానికి పైగా వెళ్లేది ఉపగ్రహాల్లోంచి కాదు, ఈ కేబుళ్లలోంచే. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య కరెంటు తీగ ఒకటి, కొన్ని ఇంటర్నెట్ కేబుళ్లు తెగాయి. ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్ లంగరు ఈడ్చుకుంటూ వెళ్లిందని అనుమానించి, ఫిన్లాండ్ అధికారులు ఓడనే ఆపి తమ జలాల్లోకి తెచ్చారు. మరుసటి నెలలో నాటో బాల్టిక్ సముద్రంలో ప్రత్యేక గస్తీ మొదలుపెట్టింది. తీరా కేసు కోర్టుకు వచ్చాక 2025 అక్టోబర్‌లో హెల్సింకీ కోర్టు దాన్ని కొట్టేసింది. ఘటన జరిగింది ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల బయట కాబట్టి విచారించే అధికారం తనకు లేదంది.

ఖర్చు లెక్క

ఎర్ర సముద్రంలో 2023 నవంబర్ నుంచి జరిగింది దొంగతనం కాదు. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు హెలికాప్టర్‌లో వచ్చి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. ఆ తర్వాత క్షిపణులు, డ్రోన్లు పంపడం మొదలుపెట్టారు. కొన్ని ఓడలు మునిగాయి, నావికులు చనిపోయారు. పెద్ద కంపెనీలు తమ ఓడల్ని ఆఫ్రికా చుట్టూ తిప్పి పంపాయి. ఒక్కో ప్రయాణానికి పది రోజులకు పైగా అదనం. అమెరికా, బ్రిటన్, ఐరోపా నౌకలు కాపలాకి వచ్చి వందకు పైగా క్షిపణుల్ని, డ్రోన్లను కూల్చాయి. సాంకేతికంగా చూస్తే అది గొప్ప విజయమే. 2024 జనవరిలో గ్రేవ్‌లీ అనే డిస్ట్రాయర్ తరగతి అమెరికా యుద్ధనౌక వైపు వచ్చిన క్షిపణిని ఆఖరి అడ్డంగా ఉండే తుపాకీతో సుమారు ఒక మైలు దూరంలో కూల్చవలసి వచ్చింది. ఒక మైలంటే ఆ క్షిపణికి కొన్ని సెకన్ల దూరం. ఆ ఓడలో ఉన్నవాళ్ల టెన్షన్ ఊహకు అందదు.

కానీ కూల్చిన డ్రోన్ ఖరీదు కొన్ని వేల డాలర్లయితే, దాన్ని కూల్చిన క్షిపణి ఖరీదు చాలాసార్లు పది, ఇరవై లక్షల డాలర్లు. పైగా ఒక డిస్ట్రాయర్‌లో ఉండే క్షిపణి గొట్టాలు వందకు లోపే. అవి ఖాళీ అయితే మామూలుగా రేవుకు వెళ్లి నింపుకోవాలి. ఇంతా చేసి కంపెనీలు ఆ దారిలోకి వెంటనే తిరిగి రాలేదు. సరుకు ఓడ యజమానికి నూటికి తొంభై క్షిపణులు కూలాయన్న మాట ధైర్యం ఇవ్వదు. మిగిలిన పది తన ఓడకే తగలవచ్చు. బీమా కంపెనీ కూడా అలాగే ఆలోచిస్తుంది. కాపలా కాసేవాడు ప్రతిసారీ గెలవాలి, దాడి చేసేవాడు ఒక్కసారి గెలిస్తే చాలు అన్న పాత మాటకు నౌకాదళాల దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

నల్ల సముద్రంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. 2022లో రష్యా దాడి మొదలైనప్పుడు ఉక్రెయిన్ శత్రువు చేతికి చిక్కకూడదని తన ప్రధాన యుద్ధనౌకను తానే ముంచేసుకుంది. అంటే ఆ దేశానికి పెద్ద ఓడ ఒక్కటీ లేనట్టే. ఏప్రిల్ 14న రష్యా నల్ల సముద్ర దళపు ప్రధాన నౌక మాస్క్వా, తీరం నుంచి వచ్చిన రెండు ఉక్రెయిన్ క్షిపణులు తగిలి మునిగిపోయింది. తర్వాత పేలుడు పదార్థాలు నింపిన మానవరహిత పడవలు వచ్చాయి. రష్యా తన నౌకల్లో చాలావాటిని క్రిమియాలోని సెవాస్తొపోల్ రేవు నుంచి దూరంగా తరలించుకోవలసి వచ్చింది. 2023 జులైలో రష్యా, ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని పోనిచ్చే ఒప్పందం నుంచి తప్పుకుంటే, ఆగస్టులో ఉక్రెయిన్ తానే ఒక సముద్ర దారి తెరిచి ధాన్యం ఓడలు నడిపింది. సముద్రాన్ని ఏలడానికి నౌకాదళం కావాలి. ఎదుటివాణ్ణి ఏలనివ్వకుండా చేయడానికి మాత్రం అది లేకపోయినా ఫరవాలేదని ఈ యుద్ధం చూపించింది. ఇక పెద్ద ఓడల కాలం చెల్లిపోయిందని కొందరు తేల్చేస్తున్నారు. ఆ మాట తొందరపాటు. డ్రోన్ పడవ మాలేకు నీళ్లు తేలేదు. మూడు నెలలు ఒక చోట నిలబడి ఇక్కడ మేమున్నామని చెప్పలేదు. మునిగిపోతున్నవాళ్లను ఎక్కించుకోలేదు.

కనబడటం, కనబడకపోవడం

ఓడ కనబడటమే ఒక పని. 1971 డిసెంబర్‌లో, బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతుండగా, అమెరికా ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకను బంగాళాఖాతంలోకి పంపింది. దాని వెనకాల సోవియట్ నౌకలు వచ్చాయి. ఒక్క తూటా పేలలేదు, కానీ ఆ రాక భారత నౌకాదళంలోనూ ప్రభుత్వంలోనూ దశాబ్దాల పాటు గుర్తుండిపోయింది. 1996లో తైవాన్ దగ్గర ఉద్రిక్తత పెరిగితే అమెరికా రెండు విమానవాహక దళాల్ని అటు నడిపింది. అప్పటికి సంక్షోభం చల్లబడింది. అయితే అప్పుడు చైనా దగ్గర విమానవాహక నౌక ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు మూడున్నాయి. ఓడల సంఖ్యలో చైనా నేవీ ప్రపంచంలోనే పెద్దది. బలం చూపించి ఎదుటివాణ్ణి ఆ రోజుకు ఆపవచ్చు. అతను ఇంటికెళ్లి ఏం నేర్చుకున్నాడన్నది ఇరవై ఏళ్ల తర్వాత తెలుస్తుంది.

ఇన్ని దేశాల ఓడలు ఒకదాని పక్కన ఒకటి తిరుగుతుంటే రాసుకోవడం, గుద్దుకోవడం జరుగుతాయి. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ ఈ భయంతోనే ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఎదుటి ఓడ వైపు ఉత్తుత్తిగా తుపాకులు గురిపెట్టకూడదు, విన్యాసాలకు అడ్డం పడకూడదు, ఏం చేయబోతున్నామో సంకేతాలతో ముందే చెప్పాలి. 2014లో పసిఫిక్ దేశాలు కూడా ఇలాంటి నియమావళికి ఒప్పుకున్నాయి. ఇలాంటి కాగితాలకు వార్తల్లో చోటు దొరకదు. కానీ ఓ కుర్ర కెప్టెన్ తెల్లవారుజామున ఎదుటి ఓడను చూసి ఏం చేయాలో తేల్చుకునే ముప్పై సెకన్లలో పనికొచ్చేవి ఇవే.

కనబడకుండా ఉండటమే పనిగా పెట్టుకున్న ఓడలూ ఉన్నాయి. అణు క్షిపణులు మోసే జలాంతర్గాములు రెండు, మూడు నెలలు నీటి అడుగున తిరిగి, ఎవరి కంటా పడకుండా ఇంటికి వస్తే పని బాగా చేసినట్టు. మొదటి దెబ్బకు దేశం నాశనమైనా తిరిగి కొట్టేవాడు ఒకడు ఎక్కడో ఉన్నాడన్న భయమే ఆ పని. బ్రిటన్ 1969 నుంచి ఎప్పుడూ కనీసం ఒక జలాంతర్గామిని సముద్రంలో ఉంచుతూ వస్తోంది. కొత్త ప్రధాని పదవిలోకి రాగానే నాలుగు ఉత్తరాలు స్వహస్తంతో రాయాలి, ఒక్కో జలాంతర్గామికి ఒకటి. దేశంలో ప్రభుత్వమే మిగలకపోతే ఏం చేయాలన్నది అందులో ఉంటుంది. ప్రధాని దిగిపోగానే వాటిని విప్పకుండానే నాశనం చేస్తారు. ఈ జలాంతర్గాములు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయంటే, 2009 ఫిబ్రవరిలో అట్లాంటిక్ అడుగున బ్రిటన్ వాన్‌గార్డ్, ఫ్రాన్స్ ల త్రియంఫాం ఒకదానికొకటి గుద్దుకున్నాయి. రెండూ మిత్రదేశాలవి, రెండింటిలోనూ అణు క్షిపణులు. దెబ్బలతోనే అయినా రెండూ తమ రేవులకు చేరుకున్నాయి.

సముద్రపు అడుగు గురించి ఇంకో మాట. ఈనాటికీ ప్రపంచ సముద్రాల అడుగు భాగంలో ఆధునిక పద్ధతిలో కొలిచింది నాలుగో వంతుకు కాస్త పైగా మాత్రమే. 2005 జనవరి 8న గువామ్ దీవికి ఆగ్నేయంగా శాన్‌ఫ్రాన్సిస్కో అనే అమెరికా జలాంతర్గామి పూర్తి వేగంతో వెళ్తూ, తన చేతిలోని పటంలో లేని సముద్రపు కొండను ఢీకొంది. ఒక నావికుడు చనిపోయాడు, దాదాపు వందమందికి గాయాలయ్యాయి. చాలా దేశాల్లో సముద్ర పటాలు గీసేది నౌకాదళాలే. ఆ పటాలనే సరుకు ఓడలు, జాలర్లు, కేబుళ్లు వేసేవాళ్లు వాడుకుంటారు. సర్వే ఓడలో ఉద్యోగం అంటే గీత గీసినట్టు నీటి మీద ముందుకూ వెనక్కూ నెలల తరబడి తిరగడం. అందరి ప్రాణాలూ ఆధారపడే పని అది.

ప్రాణాలు కాపాడటం గురించి అయితే ఇటలీ నేవీ పేరు చెప్పుకోవాలి. 2013 అక్టోబర్‌లో లాంపెదూసా దీవి దగ్గర వలసదారుల పడవ మునిగి 360 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఏడాది పాటు ఇటలీ తన యుద్ధనౌకల్ని ఆ దారిలో నిలబెట్టి లక్షన్నర మందిని నీళ్లలోంచి పైకి తీసింది. 2014 అక్టోబర్ చివర్లో ఆ కార్యక్రమం ఆపేశారు. రాజకీయ వాదనలు ఎన్ని ఉన్నా, ఆ లక్షన్నర మంది దగ్గరికి వెళ్లి నిలబడింది యుద్ధనౌకలే.

ఒకటి అక్కడ ఉండాలంటే మూడు కావాలి

ఇన్ని పనులు చెప్పుకున్నాక ఓడల లెక్కలోకి రావాలి. నౌకాదళాలన్నిటిలోనూ ఒక పాత లెక్క నడుస్తుంది. ఒక ఓడ దూర సముద్రంలో ఎప్పుడూ ఉండాలంటే మూడు ఓడలు కావాలి. ఒకటి అక్కడుంటుంది, ఒకటి అప్పుడే తిరిగొచ్చి మరమ్మతులో ఉంటుంది, ఒకటి వెళ్లడానికి శిక్షణలో ఉంటుంది. పత్రికల్లో ఫలానా దేశానికి ఇన్ని ఓడలు అని పట్టికలు వేస్తారు. ఆ అంకెను మూడుతో భాగించి చూస్తే అసలు బలం కనబడుతుంది.

ఆ ఒక్క ఓడను అక్కడ నిలబెట్టడం ఎంత పనో, నడిసముద్రంలో ఇంధనం నింపుకునేటప్పుడు చూడాలి. ట్యాంకర్, యుద్ధనౌక పక్కపక్కన, యాభై మీటర్ల ఎడంతో, ఒకే వేగంతో నడవాలి. ఒక ఓడ మీదినుంచి సన్నటి తాడును తుపాకీతో అవతలికి కొడతారు. దానికి లావు తాడు, దానికి ఉక్కు తీగ, దాని మీద వేలాడుతూ ఇంధనం గొట్టం. రెండు ఓడల మధ్య నీళ్లు నొక్కుకుపోయి పరుగెడతాయి, అక్కడ ఒత్తిడి తగ్గి ఓడలు ఒకదానివైపు ఒకటి లాక్కుపోతుంటాయి. రంగు జెండాలు కట్టిన తాడు ఒకటి మధ్యలో బిగించి పట్టుకుని ఎడం ఎంతుందో చూస్తూ ఉంటారు. చుక్కాని దగ్గర నిలబడినవాడు ఒక్క డిగ్రీ అటూఇటూ కాకుండా గంటల తరబడి నడపాలి. ఆ చోట ఆరితేరినవాణ్ణే నిలబెడతారు. ఏదైనా తేడా వస్తే క్షణాల్లో గొట్టం విడదీసుకుని విడిపోవడం ముందే సాధన చేసి ఉంచుతారు. రాత్రిపూట కూడా ఇదే పని, వెలుతురు తక్కువ పెట్టుకుని. దూర సముద్రంలో ఉన్న ఓడకు కొద్ది రోజులకొకసారి ఇది తప్పదు.

ఈ నైపుణ్యం శిక్షణతో వస్తుంది, శిక్షణకు సమయం కావాలి. పనులు పెరిగి, ఓడలు పెరగకపోతే అందరికన్నా ముందు కోత పడేది ఆ సమయానికే. జపాన్ కేంద్రంగా పనిచేసే అమెరికా ఏడవ నౌకాదళంలో అదే జరిగింది. గస్తీలు, విన్యాసాలు, క్షిపణి కాపలా ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఓడలకు శిక్షణ ధ్రువపత్రాల గడువు తీరిపోతున్నా పొడిగించి పంపారు. నావికులు నిద్ర చాలక పనిచేశారు. 2017 జూన్ 17న, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో, జపాన్ తీరంలో ఫిట్జ్‌జెరాల్డ్ అనే డిస్ట్రాయర్‌ను ఒక కంటైనర్ ఓడ గుద్దింది. ఆగస్టు 21 తెల్లవారుజామున సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ అనే మరో డిస్ట్రాయర్ ట్యాంకర్‌కు అడ్డం పడింది. మెకెయిన్‌లో వేగం అదుపును టచ్ స్క్రీన్ మీద ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చబోతే చుక్కాని అదుపు కూడా మారిపోయి, ఓడను ఎవరు నడుపుతున్నారో తెలియక నడిపేవాళ్లే తికమకపడ్డారు. ఆ తర్వాత ఆ తరగతి ఓడల్లో వేగం మార్చడానికి మళ్లీ చేత్తో తోసే మీటలే పెట్టాలని నేవీ నిర్ణయించింది.

రెండు ఓడల్లోనూ దెబ్బ తగిలింది నీటి మట్టానికి కింద ఉన్న పడకగదులకు. అక్కడ శత్రువు లేడు, సముద్రం ప్రశాంతంగానే ఉంది. మొదటి ఓడలో ఏడుగురు, రెండో ఓడలో పదిమంది, డ్యూటీ దిగి తమ మంచాల మీద పడుకున్నవాళ్లు, నీళ్లు నిండిన ఆ గదుల్లోంచి బయటికి రాలేకపోయారు.